ఉత్తరాంధ్ర సామూహిక నృత్యాలు: ఆడేది ఎవరు, వాయించేది ఎవరు?

శ్రీకూర్మం గుడిలో కూర్మనాథుడికి దానాలిచ్చినవారి పేర్లు రాయిలో నిలిచి ఉన్నాయి. 1281 నాటి నరహరి తీర్థుల శాసనం వాటిలో ప్రసిద్ధం. ఆ చుట్టుపక్కల పల్లెల్లో, పడమటి కొండల్లో జనం కలిసి ఆడిన ఆటల చరిత్ర మాత్రం అడుగుల్లోనూ, దరువుల్లోనూ ఉంది. దాన్ని చదవాలంటే ఆడేవాళ్లతో పాటు వాయించేవాళ్లనూ చూడాలని మేం అంటున్నాం.

థింసా

అరకు ప్రాంతంలో బగత, పోర్జ, ఖోండు, కోటియా, వాల్మీకి తెగల ఆట ఇది. చైత్రమాసపు పండుగల్లో, పెళ్లిళ్లలో ఆడతారు. ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని పాములా మెలికలు తిరుగుతారు. గ్రామదేవత పూజలో బోడ థింసా, ఆకులేరే పనిని చూపే పొతర్ తోలా, పులి దాడిని చూపే బాగ్ థింసా వంటి రకాలున్నాయి.

అడుగుకు ఆధారం తుడుము, డప్పు, కిరిడి, మోరి. సరిహద్దుకు అవతల కోరాపుట్‌లో ఇదే ఆటకు వాయించేది సంప్రదాయంగా డొంబులు. వాళ్ల వాద్యం లేనిదే పెళ్లి జరగదు, అయినా వాళ్లను అంటరానివాళ్లుగానే చూశారు. ఒడిశాలో డొంబులు ఎస్సీలు. మన ఏజెన్సీలో వాళ్లలో చాలామంది వాల్మీకి పేరుతో ఎస్టీ జాబితాలో ఉన్నారు.

తప్పెటగుళ్లు

శ్రీకాకుళం, విజయనగరం మైదానాల్లో యాదవుల ఆట ఇది. గుండ్రటి రేకు వాద్యాన్ని రొమ్ముకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో, వానల కోసం, గంగమ్మ కోసం ఆడతారు. ఇక్కడ వాయించేవాడే ఆడేవాడు. అందుకే కళాకారుడిగా గుర్తింపు అతనికే దక్కుతుంది.

డప్పు

డప్పులోనూ వాయించేవాడే అడుగు వేస్తాడు. చెక్క చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి, ఒక చేత్తో సిర్ర, మరో చేత్తో చిటికెన పుల్ల పట్టి వాయిస్తారు. కానీ మాల, మాదిగ వాడలకు ఇది కళగా కాక కులం మోపిన చాకిరీగా వచ్చింది. చావుకు, జాతరకు, చాటింపుకు పిలిస్తే వెళ్లాల్సిందే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు ఆ చాటింపు మాటే, ‘దండోరా’, ఉద్యమం పేరయింది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది. 2024లో అది నెలకు 4,000 రూపాయలకు పెరిగింది.

అమెరికాలోనూ ఇదే కథ

నాలుగు జంటలు చతురస్రంగా నిలబడి ఆడే స్క్వేర్ డాన్స్‌లో తర్వాతి అడుగేమిటో ఒకరు పిలిచి చెబుతారు. బానిసత్వ కాలంలో తెల్లవాళ్ల విందుల్లో ఫిడేలు వాయిస్తూ ఆ పిలుపును రూపుదిద్దినవారిలో నల్లజాతి కళాకారులు ముఖ్యులు. 1920ల్లో కార్ల వ్యాపారి హెన్రీ ఫోర్డ్ ఆ పాతకాలపు నృత్యాలనే జాజ్‌కు విరుగుడుగా ప్రచారం చేశాడు. అలా నల్లవాళ్ల పాత్ర మరుగున పడింది.

రాసేవాళ్లు అడగాల్సినవి

అరకులో పర్యాటకుల ముందు థింసా ఆడేటప్పుడు ఫొటో నృత్యకారిణుల చుట్టూనే తిరుగుతుంది. క్షేత్రపరిశోధనకు వెళ్లే విద్యార్థులు మరికొన్ని ప్రశ్నలు కూడా అడగాలి. వాద్యకారులు ఏ వాడ నుంచి వచ్చారు? డబ్బులు ఎవరి చేతికిచ్చారు, పంపకం ఎలా జరిగింది? వాళ్లు ఎక్కడ కూర్చుని తిన్నారు? రానని చెప్పే హక్కు వాళ్లకుందా? ఈ జవాబులు లేకుండా రాస్తే అది సగం చరిత్రే.