గుస్సాడీ ఆట, గుస్సాడీ రాజు బతుకు

ఆశ్వయుజ పున్నమి వచ్చిందంటే ఆదిలాబాద్ అడవి పల్లెల్లో డప్పు, తుడుం మోగడం మొదలవుతుంది. దీపావళి దాకా రాజ్‌గోండుల గూడేల్లో జరిగే ఆ పండుగ పేరు దండారి. అందులో తలమీద నెమలి ఈకల కిరీటం, ఒళ్లంతా బూడిద, భుజాన జంతుచర్మం, మెడలో పూసలూ గవ్వలూ, చేతిలో కర్రతో ఆడేవాడు గుస్సాడీ.

కొత్తగా చూసేవాళ్లకు అది ఆట. గోండులకు ముందు మొక్కు, ఆ తర్వాతే ఆట. కిరీటం ఎత్తుకున్నవాడిలో ఏత్మాసూర్ దేవుడు ఉంటాడని వాళ్ల నమ్మకం. అందుకే దీక్ష ముగిసేదాకా అతను స్నానం చెయ్యడు, ఒంటిమీది బూడిద కడుక్కోడు. కిరీటానికీ వాయిద్యాలకూ పూజ జరగనిదే ఎవరూ అడుగు వెయ్యరు. ఎన్నో బృందాలు మంచిర్యాల జిల్లా గుడిరేవులో గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకో దేవత గుడికి వెళ్లి మొక్కు చెల్లిస్తాయి. ఒక ఊరి దండారి ఇంకో ఊరికి చుట్టపుచూపుగా కదులుతుంది. వచ్చినవాళ్లకు ఆ ఊరు ఊరంతా కలిసి అన్నం పెడుతుంది. రాత్రి పొడుగునా ఆట సాగుతుంటే పెద్దలు ఒక పక్కన కూర్చొని పిల్లనిచ్చి పుచ్చుకునే మాటలు కదుపుతారు. చుట్టరికాలు నిలిపే పని కూడా చేస్తుంది కాబట్టే ఈ ఆట ఇన్ని తరాలు నిలిచిందని నాకనిపిస్తుంది.

దండారి గురించి విస్తారంగా రాసిపెట్టినవాడు ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమురం భీం నేలకొరిగాక, గోండుల కడుపుమంటకు కారణమేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆయన్ని పంపింది. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో కాపురం పెట్టి, గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రాన్ని అక్కడే మొదలుపెట్టించారు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన రాసిన పుస్తకం 1948లో వచ్చింది. 1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి ఆ ఊళ్లోనే ఉంది.

ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉన్న ఆ మార్లవాయి మనిషే కనక రాజు. జనం నోట గుస్సాడీ రాజు. కరీంనగర్ వైపు ఒగ్గుకథ అంటే హన్మాజీపేట మిద్దె రాములు ఎలా గుర్తొస్తారో, ఇటు గుస్సాడీ అంటే ఈయన అలా గుర్తొస్తారు. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లోనే ఢిల్లీ వెళ్లి ఆమె ఎదుట ఆడారు. ఉట్నూరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) తరఫున ఎందరో గిరిజన యువకులకు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది.

ఆ నేర్పడం ఎంత కష్టమో ఆలోచించాలి. గుస్సాడీకి పుస్తకం లేదు. ఆడేవాళ్ల వెనకే తిరుగుతూ, డప్పు దెబ్బ మారగానే కాలు మార్చడం ఒంటికి పట్టించుకోవాలి. పైగా తెల్లవార్లూ సాగే ఆటను వేదిక మీద కొన్ని నిమిషాల్లో చూపించాలి. ఏది కుదించవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో దీక్ష తెలిసినవాడే చెప్పగలడు. వేదికలను నేను తప్పుపట్టను. అవి లేకపోతే అడవి దాటి ఈ ఆట ఎవరికీ తెలిసేది కాదు. కానీ ప్రముఖులు కారు దిగేచోట స్వాగతం కోసం గుస్సాడీలను ఎండలో నిలబెట్టడం చూస్తే మాత్రం మనసు ఒప్పుకోదు. అది దేవుడి కిరీటం.

కనక రాజు 2024 అక్టోబరు 25న మార్లవాయిలో కన్నుమూశారు. అప్పటికి ఊళ్లలో దండారి సాగుతోంది, దీపావళికి ఇంకా వారం కూడా లేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు జిల్లా అంతటా ఉన్నారు. వాళ్లను ఉత్సవాలకు పిలిచి శాలువా కప్పి పంపేస్తే సరిపోదు. గౌరవ వేతనమిచ్చి గురువులుగా కూర్చోబెట్టాలి. శిక్షణ కూడా హాళ్లలో వేసవి శిబిరాలుగా కాకుండా, దండారి రోజుల్లో, దండారి జరిగే గూడేల్లోనే సాగాలి. ఆ పదిహేను రోజులూ ఆశ్రమ పాఠశాలల పిల్లలు సొంత ఊళ్లో ఉండేలా సెలవులు సర్దితే, డప్పు వెనకాల నడిచే పిల్లలకు కొదవుండదు.