చికాగోలో చిన్న కేసుల ప్లీడరు, తొమ్మిదో పేజీలో మన తమ్ముడు

పోయిన వారం ఒక తమ్ముడు నాకు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. మన భావనపాడు వైపు కుర్రాడే. షిప్పులో ఉద్యోగం, దాని అగ్రిమెంటు. "అన్నా, సంతకం పెట్టీమంతన్నారు, ఓపాలి సూసి సెప్పవా" అన్నాడు. పదకొండు పేజీలు. బీటెక్ చదివి కోడ్ రాసినవాణ్ణి కదా, ఇంగ్లీషు అర్థమవుతుందిలే అనుకున్నా. తొమ్మిదో పేజీలో ఒక లైను దగ్గర ఆగిపోయాను. జీతం గొడవైనా, ప్రమాదం జరిగినా, తేల్చేది ఫలానా దేశం కోర్టు మాత్రమేనట. టెక్కలి కోర్టుకైతే బస్సుంది. దీనికి?

ఇలాంటి లైన్లు ఎవరు రాస్తారు? ఓడ యజమానిది ఒక దేశం, ఓడ మీద జెండా ఇంకో దేశానిది, ఇన్సూరెన్సు మరో దేశంలో. పలాస ఫ్యాక్టరీలకి ఆఫ్రికా నుంచి జీడిపిక్కలొచ్చినా ఇదే లెక్క. రేపు మన పోర్టుకి ఓడలొచ్చినా ఇదే. భావనపాడు పోర్టు అని మనం ఏళ్ల తరబడి అన్నాం, 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేసినప్పుడు మూలపేట పోర్టు అని పేరు మార్చారు. సరే, పేరేదైనా కాగితాలు కాగితాలే. వాటిని తయారుచేయడం ఇంటర్నేషనల్ లా ఫర్ముల పని. అందులో చాలా పెద్దదైన ఒక ఫర్మ్ కథ ఇవాళ చెప్తా. పేరు బేకర్ మెకెంజీ.

రసెల్ బేకర్ అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో పెరిగాడు. డబ్బున్న ఇల్లేం కాదు. గూడ్సు బండెక్కి చికాగో చేరాడని, చదువు ఖర్చులకి బాక్సింగ్ పోటీల్లో దిగేవాడని వాళ్ల ఫర్మ్ చెప్పుకునే కథ. 1925లో లా పూర్తయ్యాక క్లాస్‌మేట్‌తో కలిసి ప్రాక్టీస్ పెట్టాడు. పెద్ద కంపెనీలు వీళ్ల గుమ్మం ఎక్కుతాయా? ఎక్కవు. వచ్చినవాళ్లు చికాగోలో పని చేసుకుంటున్న మెక్సికన్ వలస జనం. చిన్న చిన్న పోలీసు కేసులు, ఇంటి గొడవలు. బేకర్‌కి స్పానిష్ వచ్చు, అదే ఆయన పెట్టుబడి. ఒక్కసారి ఊహించుకోండి, చెన్నైలోనో సూరత్‌లోనో మన ఉద్దానం వలస కూలీలకి మన యాసలో మాట్లాడే ప్లీడరు ఒకడు దొరికితే ఎలా ఉంటుందో. అలాంటిదే.

1930ల్లో అబాట్ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీ తన విదేశీ పనులు ఆయనకిచ్చింది. అప్పుడు బేకర్‌కి ఒక సంగతి తట్టింది. కంపెనీలు దేశాలు దాటుతున్నాయి, వాటి లాయర్లు మాత్రం ఊళ్లోనే కూర్చున్నారు. 1949లో జాన్ మెకెంజీ అనే కోర్టు లాయరుతో కలిసి ఫర్మ్ పెట్టాడు. 1955లో మొదటి విదేశీ ఆఫీసు తెరిచారు, వెనెజులాలోని కరాకస్‌లో. అక్కడ ఆయిల్ డబ్బు, అమెరికన్ కంపెనీల హడావుడి.

అసలు ట్రిక్కు ఏంటంటే, అమెరికా నుంచి మనుషుల్ని పంపడం కాదు, ఏ దేశంలో ఆఫీసు పెడితే అక్కడి లాయర్లనే తీసుకోవడం. అదీ జీతగాళ్లుగా కాదు, పార్ట్‌నర్లుగా. పోటీ ఫర్ములవాళ్లు దీన్ని మెక్‌డొనాల్డ్స్‌తో పోల్చి వెక్కిరించేవారు. 2004లో స్విస్ చట్టం కింద 'ఫెరైన్' అనే ఏర్పాటులోకి మారారు. మా భాషలో చెప్పాలంటే, ఫోన్‌లో కనిపించే యాప్ ఐకాన్ ఒకటే, వెనక సర్వర్లు వేరువేరు. ఒకటి క్రాష్ అయితే ఇంకోటి ఆగదు. ఇప్పుడు 40కి పైగా దేశాల్లో ఆఫీసులు. 1981లో పారిస్ ఆఫీసులో చేరిన క్రిస్టీన్ లగార్డ్ అనే లాయరు 1999లో మొత్తం ఫర్మ్‌కి అధ్యక్షురాలైంది. ఆమే ఇప్పటి యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అధ్యక్షురాలు.

1949 అన్నాను కదా, ఆ ఏడాదే మన కేసులు లండన్ వెళ్లడం ఆగింది. అప్పటిదాకా చివరి అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే. మన పాతపట్నం దాటితే వచ్చే పర్లాకిమిడి ఎస్టేటులో గారబంధో, ఇంకొన్ని ఊళ్ల రైతులు శిస్తు పెంపు మీద పోరాడి అక్కడిదాకా వెళ్లారు. 1943లో తీర్పొచ్చింది, ఓడిపోయారు. కారణం వింటే మండుతుంది. రెవెన్యూ బోర్డు ఆఫీసు మద్రాసులోనే ఉన్నా, రైతులూ భూములూ గంజాం వైపు ఉన్నాయి కాబట్టి బోర్డు ఆర్డరును కొట్టేసే అధికారం మద్రాస్ హైకోర్టుకి లేదట. అవతల పక్షం పర్లాకిమిడి జమీందారు, అప్పుడు ఒరిస్సా ప్రధాని కూడా ఆయనే. తర్వాత రాజ్యాంగంలో 226వ అధికరణం వచ్చి, రాష్ట్రం మొత్తం మీద రిట్లు వేసే అధికారం హైకోర్టులకి ఇచ్చింది. ఏ కోర్టు అనేదే సగం కేసు, ఫ్రెండ్స్. ఆ తొమ్మిదో పేజీ నాకందుకే గుచ్చుకుంది.

మరి మన దగ్గర బేకర్ లాంటి ఫర్మ్ ఎందుకు పెరగలేదు? తెలివి లేక కాదు. పాత కంపెనీ చట్టం ప్రకారం ఇలాంటి భాగస్వామ్య సంస్థలో 20 మందికి మించి పార్ట్‌నర్లు ఉండకూడదు. 2008లో ఎల్‌ఎల్‌పీ చట్టం వచ్చేదాకా అంతే. ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. అక్కడ వేలమంది, ఇక్కడ ఇరవై.

విదేశీ ఫర్ములకీ తలుపు మూసే ఉంది. 1990ల్లో వైట్ అండ్ కేస్, చాడ్‌బోర్న్ అండ్ పార్క్, ఆషర్స్ట్ అనే మూడు ఫర్ములు రిజర్వ్ బ్యాంకు అనుమతితో లైజాన్ ఆఫీసులు పెట్టాయి. లాయర్స్ కలెక్టివ్ అనే సంస్థ కేసు వేసింది, 2009లో బాంబే హైకోర్టు ఆ అనుమతి చెల్లదంది. 2018లో సుప్రీంకోర్టు, ఆఫీసు పెట్టకూడదు, అప్పుడప్పుడు వచ్చి సలహా ఇచ్చి పోవచ్చు అంది. 2023లో బార్ కౌన్సిల్ రూల్స్ తెచ్చి, 2025లో సవరించి, తలుపు కొంచెం తీసింది: విదేశీ చట్టాల మీద సలహాలు, ఆర్బిట్రేషన్ వరకు సరే, మన కోర్టుల్లో వాదించడానికి లేదు. ఇది మన లాయర్లకి రక్షణ అంటారు. అయ్యుండొచ్చు. పోర్టు కంపెనీకి ఎలాగూ లాయరు దొరుకుతాడు, తమ్ముడికి దొరికింది నేను.

నేను చేసింది రెండే. ఒకటి, ఓడ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంటుకి డీజీ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి, ఆర్‌పీఎస్‌ఎల్ అంటారు. ఆ నంబరు ప్రభుత్వ సైట్‌లో వెతికాం. రెండు, 15100కి ఫోన్ చేయమన్నా, అది ఉచిత న్యాయ సహాయం నంబరు.

అగ్రిమెంటు మీదున్న నంబరు సైట్‌లో ఎక్కడా కనపడలేదు. తమ్ముడు సంతకం పెట్టలేదు. వాళ్ల నాన్న ముందే కట్టిన అడ్వాన్సు వెనక్కి అడగడానికి నిన్న ఆ ఏజెంటు దగ్గరికెళ్లారు, ఏజెంటు ఇంకా ఫోన్ ఎత్తడం లేదట. ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. మీ దగ్గర కూడా ఇలాంటి పీడీఎఫ్ ఉంటే, ముందు తొమ్మిదో పేజీ తీయండి. ఉంటాను.