రాబందులు దిగని బీడు

మా పామిడిముక్కల పొలిమేరలో గొడ్డు చస్తే పడేసే బీడు ఒకటుండేది. తాడు కట్టి ఈడ్చుకెళ్ళి అక్కడ వదిలేవాళ్ళం. మాదిగపల్లె నుంచి ఇద్దరొచ్చి తోలు వలుచుకునేవాళ్ళు. వాళ్ళు కత్తి కడుక్కోకముందే పైన చుక్కల్లా తిరుగుతున్నవి కిందికి దిగేవి. బోసి మెడ, దాని మొదట్లో తెల్లటి నూగు పట్టీ, విప్పితే మనిషి నిలువును మించే రెక్కలు. ఒకదాన్నొకటి తోసుకుంటూ, బుసకొడుతూ తినేవి. గంట తిరిగేసరికి ఎముకలు మిగిలేవి. వాటినీ గోనెసంచుల్లో ఏరుకుపోయేవాళ్ళు. ఊళ్ళోకి కంపు వచ్చేది కాదు.

ఇంటి మీద వాలితే అరిష్టమని శాంతులు చేయించుకున్నదీ మనమే, చచ్చిన గొడ్డును వాటికే అప్పజెప్పి నిశ్చింతగా ఉన్నదీ మనమే. పశుగణనలో గేదెకు లెక్కుంది, కోడికి ఉంది, కుక్కకూ ఉంది. రాబందు ఏ పద్దులోనూ లేదు.

అందుకే అది పోతుంటే ఎవరికీ పట్టలేదు. ఒకప్పుడు దేశంలో కోట్లలో ఉన్న పక్షి. 1992 నుంచి 2007 లోపు తెల్లవీపు రాబందుల్లో వెయ్యింటికి ఒకటి మిగిలింది. భరత్‌పూర్‌లో అవి మెడలు వేలాడేసి కొమ్మల మీద కూర్చుని, అలాగే రాలిపోతుంటే పక్షుల శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించి లోకానికి చెప్పారు. ఏదో తెగులనుకున్నారు. పాకిస్తాన్‌లో చచ్చిన పక్షులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు కారణం బయటపెట్టింది. డైక్లోఫెనాక్. గొడ్డుకు నొప్పి తగ్గడానికి పొడిచే చవక సూది. ఆ మందున్న మాంసం తింటే రాబందుకు మూత్రపిండాలు చెడి, లోపలంతా సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి. వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో ఆ మందున్నా, జాతి మొత్తం కూలిపోవడానికి చాలింది.

2006లో పశువులకు ఆ మందు వాడటాన్ని నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు మాత్రం పశువుల పాకలకు చేరుతూనే వచ్చాయి. ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించింది 2015లో.

దీనికి రైతును తిట్టడం నాకు చేతకాదు. పాల డబ్బుతో ఇల్లు గడిచేవాడు కుంటుతున్న గేదెను చూస్తూ ఊరుకోలేడు. అతని దగ్గర కూర్చుని అడగాల్సింది: ఈ సూది ఎవరిచ్చారు, ఎంతకిచ్చారు, గొడ్డు చస్తే ఎటు తీసుకెళ్తావు? పశువుల డాక్టరు గొడ్డును చూశాడు, పక్షుల శాస్త్రవేత్త పక్షిని చూశాడు, ఆసుపత్రి డాక్టరు ఆ కళేబరాలకు మరిగిన కుక్కల కాటుకు సూది వేశాడు. ఆ ముగ్గురూ కలవాల్సిన చోటు ఈ బీడు. రాబందులు పలచబడుతున్నాయని మా ఊళ్ళో అందరికన్నా ముందు అన్నది తోలు వలిచేవాళ్ళే. వాళ్ళ మాట రాసుకున్నవాడు లేడు.

ఓక్స్ బృందం కారణం చెప్పిన ఇరవై ఏళ్ళ తర్వాత, 2024లో, ఎయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తల లెక్క వచ్చింది. రాబందులు బాగా ఉండే జిల్లాలను, ఉండని జిల్లాలను పక్కపక్కన పెట్టి మరణాలు పోల్చారు. 2000 నుంచి 2005 వరకు అదనంగా పోయిన ప్రాణాలు సుమారు 5 లక్షలని వాళ్ళ అంచనా. కుళ్ళిన కళేబరాలు, చెడిన నీళ్ళు, పెరిగిన కుక్కలు, రేబిస్. ఆ సంఖ్య చదివి పేపరు మడిచి పక్కన పెట్టేశాను.

1990ల చివర్లో మా గేదె ఈనలేక పడిపోయింది. అమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని, నొప్పి తెలియకుండా ఏదైనా చెయ్యమని ఏడ్చింది. నేనే సైకిలేసుకుని వీరంకిలాకు దాకా వెళ్ళి సూది మందు తెచ్చాను. మర్నాడు పొద్దున్నే అది చచ్చిపోయింది. నలుగురం కలిసి ఈడ్చుకెళ్ళి బీడులో వదిలాం. మధ్యాహ్నానికి ఏడు రాబందులు దిగాయి. గేదెను అవి తిన్నాయంటే మంచి గతి పట్టినట్టేనంది అమ్మ. ఆ ఏడింటినీ కనబడినంతసేపూ చూసి ఇంటికొచ్చాను.