డిస్కు మీద ఆ అంకె ఎవరి వేగం?

అమెరికా పార్కుల్లో వాకింగుకెళ్ళే మనవాళ్ళు గొలుసులు వేలాడే ఇనప బుట్టల్ని చూసే ఉంటారు. డిస్క్ గోల్ఫ్ బుట్టలవి. ఈ ఆటకి మొదటి శాశ్వత కోర్సు 1975లో కాలిఫోర్నియాలో, ఓక్ గ్రోవ్ పార్కులో వేసింది ఎడ్ హెడ్రిక్. (వామ్-ఓ కంపెనీలో ఉండగా ఫ్రిస్బీని మెరుగుపరిచి 1967లో పేటెంటు పొందిందీ ఈయనే.)

అప్పట్లో ఆడింది మామూలు ఫ్రిస్బీతోనే. అంచు మందం, గాలి అడ్డుకునేది, దూరం తక్కువ. 1983లో డేవ్ డునిపేస్ వాళ్ళ ఇన్నోవా కంపెనీ ఏటవాలు అంచుతో 'ఈగిల్' తెచ్చింది. అక్కణ్ణుంచి కథే మారింది. అంచు పల్చనయ్యేకొద్దీ దూరం పెరిగింది, కానీ విసిరే చెయ్యి మీద భారమూ పెరిగింది.

ఎలాగంటారా? కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ వేస్తే డిస్కు, పైనుంచి చూస్తే, గడియారం ముల్లులా తిరుగుతుంది. మంచి వేగంలో తిన్నగానో కాస్త కుడికో వెళ్ళి, వేగం తగ్గాక ఎడమకి వాలుతుంది. పల్చటి డ్రైవర్‌ని నెమ్మదిగా వేస్తే ఆ మొదటి సగం రానేరాదు, నేరుగా ఎడమవైపు పొదల్లోకే! కొత్తవాళ్ళేమో బలం చాలలేదనుకుని ఇంకా గట్టిగా విసిరి భుజం నొప్పి తెచ్చుకుంటారు. డిస్కు మీద వేగం 12 అని ఉంటే, అంత వేగం మన చెయ్యే ఇవ్వాలన్నమాట.

నన్నడిగితే ముందు ఒక పట్టర్, ఒక మిడ్‌రేంజ్ చాలు. ముందు అంచు పైకి లేవనీకుండా, ఛాతీకి దగ్గరగా తిన్నగా లాగుతూ, నడుము తిప్పి వేయండి. పట్టర్ 60 మీటర్లు వంకర లేకుండా వెళ్ళాక డ్రైవర్ సంగతి చూడొచ్చు.