హుండీలో వేసే డబ్బుకి ట్యాక్స్ ఉంటుందా? గుడి, చర్చి, మసీదులకు రూల్స్ ఏంటి.. భక్తులు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే!

గుడికి వెళ్తాం.. దండం పెట్టుకుని హుండీలో వందో, వెయ్యో వేస్తాం. ఆ తర్వాత ఆ డబ్బు ఏమవుతుందో చాలామందికి తెలీదు. మరోవైపు ‘గుళ్లకే ట్యాక్స్.. చర్చిలకు, మసీదులకు లేదు’ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతూనే ఉంటాయి. ఇందులో నిజమెంత? చట్టం ఏం చెబుతోంది? మీరిచ్చే విరాళానికి మీకు ట్యాక్స్ మినహాయింపు వస్తుందా? సింపుల్‌గా చూద్దాం.

అన్ని మతాలకూ ఒకటే రూల్

ముందు అసలు విషయం. ఆదాయపు పన్ను చట్టంలో మతాన్ని బట్టి తేడా లేదు. గుడి, చర్చి, మసీదు, గురుద్వారా.. ఏదైనా సరే, ట్రస్టుగా లేదా సొసైటీగా ఐటీ శాఖ దగ్గర రిజిస్టర్ చేయించుకుంటేనే మినహాయింపు. ఇన్నేళ్లు మనం విన్న 12ఏ, 12ఏబీ రిజిస్ట్రేషన్ ఇదే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం–2025 అమల్లోకి వచ్చేలా చేశారు కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి. ప్రధాన సూత్రాలు మాత్రం అవే.

రిజిస్టర్ అయితే చాలదు.. షరతులు కూడా ఉన్నాయి.

* ఏడాదిలో వచ్చిన ఆదాయంలో కనీసం 85 శాతం ట్రస్టు ఉద్దేశాలకే ఖర్చు పెట్టాలి. 15 శాతం వరకు మిగుల్చుకోవచ్చు.
* అంతకంటే ఎక్కువ దాచుకోవాలంటే దేనికోసమో ముందే చెప్పాలి. గరిష్ఠంగా ఐదేళ్లు టైమ్ ఉంటుంది.
* ఆదాయం పరిమితి దాటితే ఆడిట్ చేయించాలి, రిటర్న్ వేయాలి.
* ట్రస్టు డబ్బు ట్రస్టీల సొంతానికో, వాళ్ల బంధువులకో వెళ్తే మినహాయింపుకే ఎసరు వస్తుంది.

అంటే మినహాయింపు ‘దేవుడి డబ్బు’ అని వచ్చేది కాదు. లెక్క సరిగ్గా చూపిస్తేనే వస్తుంది.

హుండీ డబ్బు ఎవరిదో తెలీదు కదా?

ఇక్కడే అసలు పేచీ. ఎవరిచ్చారో పేరు, అడ్రస్ రికార్డు లేని విరాళాలను ఐటీ చట్టం ‘అజ్ఞాత విరాళాలు’ అంటుంది. సేవా సంస్థలకు ఇలాంటి డబ్బు ఒక పరిమితి దాటి వస్తే 30 శాతం ట్యాక్స్ కట్టాల్సిందే. పూర్తిగా మతపరమైన సంస్థలకు మాత్రం ఈ ట్యాక్స్ లేదు. మతంతో పాటు సేవా కార్యక్రమాలు కూడా చేసే సంస్థలకు కూడా మినహాయింపు ఉంది. కానీ ‘ఇది స్కూలుకి, ఇది హాస్పిటల్‌కి’ అని ప్రత్యేకంగా ఇచ్చిన అజ్ఞాత విరాళానికి వర్తించదు.

మన తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే షిర్డీ సాయిబాబా సంస్థాన్ విషయంలో ఇదే గొడవ కోర్టుకెక్కింది. హుండీ డబ్బుకు ట్యాక్స్ కట్టాలని ఐటీ శాఖ వాదించింది. అది మతపరమైన, సేవా సంస్థ రెండూ కాబట్టి మినహాయింపు ఉంటుందని 2024 అక్టోబర్‌లో బాంబే హైకోర్టు తేల్చింది. కొత్త ఐటీ బిల్లు మొదటి డ్రాఫ్ట్‌లో ఈ రెండో రకం సంస్థలకు మినహాయింపు లేదు. సెలెక్ట్ కమిటీ అభ్యంతరం చెప్పాక మళ్లీ చేర్చారు.

తిరుమల లెక్క చూస్తే..

ఎంత డబ్బు గురించి మాట్లాడుతున్నామో తెలియాలంటే టీటీడీ బడ్జెట్ చూడాలి. 2025–26కి టీటీడీ ఆమోదించిన బడ్జెట్ రూ.5,258.68 కోట్లు. ఇందులో హుండీ ఆదాయం అంచనా రూ.1,729 కోట్లు, డిపాజిట్లపై వడ్డీ రూ.1,310 కోట్లు, ప్రసాదాల అమ్మకం రూ.600 కోట్లు. ఖర్చుల్లో జీతాలు, సిబ్బంది పద్దుకే దాదాపు రూ.1,774 కోట్లు.

జీఎస్టీ సంగతేంటి?

పూజలు, వ్రతాలు లాంటి మతపరమైన కార్యక్రమాల నిర్వహణకు జీఎస్టీ లేదు. ఆలయం ఇచ్చే ప్రసాదానికీ లేదు. కానీ ఆ ప్రసాదంలో వాడే నెయ్యి, చక్కెర కొన్నప్పుడు జీఎస్టీ పడుతుంది.

రిజిస్టర్ అయిన ట్రస్టు తన ప్రాంగణంలో రూమ్ అద్దెకిస్తే రోజుకు రూ.1,000 లోపు అయితే మినహాయింపు. కల్యాణ మండపానికి రోజుకు రూ.10,000, షాపుకి నెలకు రూ.10,000 లోపు ఉండాలి. 2022లో అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం సత్రాలకు జీఎస్టీ వేస్తున్నారంటూ దుమారం రేగితే, ఈ మినహాయింపు కొనసాగుతుందని కేంద్రం క్లారిటీ ఇచ్చింది.

మరి తేడా ఎక్కడుంది?

వైరల్ మెసేజ్‌లలో కలిపేసేది ఇక్కడే. ఇన్‌కమ్ ట్యాక్స్ వేరు, దేవాదాయ శాఖకు కట్టే వాటా వేరు. తెలుగు రాష్ట్రాల్లో 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం, ఆ శాఖ పరిధిలోని ఆలయాలు ఆదాయాన్ని బట్టి అడ్మినిస్ట్రేషన్ ఫండ్‌కు, సర్వశ్రేయోనిధికి వాటా కట్టాలి. ఆదాయం లేని పాత గుళ్ల జీర్ణోద్ధరణకు ఈ సర్వశ్రేయోనిధి నుంచే సాయం చేస్తారు. ఈ చట్టం చర్చిలకు, మసీదులకు వర్తించదు.. ఇది నిజం. అయితే వక్ఫ్ ఆస్తులకు వేరే చట్టం ఉంది. వాటి నికర ఆదాయంలో వక్ఫ్ బోర్డుకు కట్టే వాటాను 2025 సవరణలో 7 నుంచి 5 శాతానికి తగ్గించారు. చర్చి సంస్థలు సాధారణంగా సొసైటీలుగా, ట్రస్టులుగా నడుస్తాయి. ఏ మతం సంస్థ అయినా విదేశీ విరాళాలు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాల్సిందే.

వ్యక్తులకు కూడా మినహాయింపు లేదు. ఎయిడెడ్ స్కూళ్లలో పనిచేసే నన్స్, ఫాదర్లు తమ జీతాన్ని చర్చికే ఇచ్చేస్తామని వాదించినా, టీడీఎస్ కట్ చేయాల్సిందేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీకు మినహాయింపు రావాలంటే?

* హుండీలో వేసిన డబ్బుకు రసీదు ఉండదు, కాబట్టి మినహాయింపు కూడా రాదు.
* ప్రతి గుడికీ 80జీ ఉండదు. కేంద్రం నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాల రిపేర్లు, పునరుద్ధరణకు ఇస్తే 50 శాతం వరకు, పరిమితికి లోబడి మినహాయింపు ఉంటుంది. ఉదాహరణకు రూ.10,000 ఇస్తే మీ ఆదాయంలో రూ.5,000 తగ్గుతుంది.. అంతేగానీ ట్యాక్స్ రూ.5,000 తగ్గదు.
* రూ.2,000 దాటితే క్యాష్ వద్దు. యూపీఐ, చెక్ లాంటి వాటితోనే ఇవ్వాలి.
* కొత్త ట్యాక్స్ విధానం ఎంచుకుంటే ఈ మినహాయింపు ఉండదు.

కాలనీ గుడి కమిటీలో ఉన్నారా?

అయితే ఇది మీకోసమే. చందాలు వసూలు చేసి, రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరో ఒకరి పర్సనల్ అకౌంట్‌లో వేసుకోవడం చాలాచోట్ల మామూలే. రేపు నోటీసు వస్తే ఆ అకౌంట్ ఉన్నాయనే సమాధానం చెప్పుకోవాలి. ట్రస్టు పేరుతో పాన్, బ్యాంక్ అకౌంట్ తీసుకోండి. ప్రతి చందాకు నంబర్ ఉన్న రసీదు ఇవ్వండి. ఐటీ రిజిస్ట్రేషన్‌కు ఎక్స్‌పైరీ ఉంటుంది.. గడువులోపు రెన్యువల్ మర్చిపోవద్దు.

ఇక భక్తులుగా మనం చేయాల్సింది ఒక్కటే. విరాళం ఇచ్చేటప్పుడు రసీదు అడగండి, లెక్కలు చూపించమనండి. అడగడం తప్పు కాదు.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. ట్యాక్స్ విషయంలో నిర్ణయం తీసుకునే ముందు చార్టర్డ్ అకౌంటెంట్‌ను సంప్రదించండి.