పేరు ఒకటి, వ్రాతలు పెక్కు

ఉద్యోగమునకు ఎన్నికైన యువకుడొకడు పత్రముల పరిశీలనకు పోయినాడనుకొందము. బడి పత్రములో తండ్రి పేరు ‘ఎల్లయ్య’; భూమి పట్టాలో ‘యల్లయ్య’. వీరిరువురును ఒక్కరేనా అని అధికారి అడుగును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు ఈ చిక్కునకు మూలము కొంత చరిత్రలో నున్నది.

1948 సెప్టెంబరు వరకు ఈ ఊళ్లు నిజాము ఏలుబడిలో నుండెను. 1880 దశకమున పారశీకమునకు బదులు ఉర్దూ అచ్చట రాజభాష యయ్యెను. రైతు తెలుగున చెప్పిన పేరు కచేరీలో ఉర్దూ లిపి కెక్కెడిది. ఆ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణముగా వ్రాయరు. ద్విత్వమునకు గుర్తు పెట్టుట అరుదు. ణ, ళ లకు వేరు అక్షరములు లేవు. కావున ఒకరు వ్రాసిన పేరును మరియొకరు ఊహించి చదువవలసి వచ్చెడిది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1966లో తెలుగు అధికారభాషయని చట్టము వచ్చెను. అయినను ఇంగ్లీషు కచేరీలను వీడలేదు. ఇట్లు ఒకే పేరు మూడు లిపులను దాటి వచ్చినది.

ఇందులకు ఊళ్ల పేర్లే సాక్ష్యము. సూర్యాపేట ఇంగ్లీషులో ‘సూర్యాపేట్’ అయినది. కోదాడలోని ద, డ లకు ఆ లిపిలో ఒకటే అక్షరము. మిర్యాలగూడను జనులు మిర్యాలగూడెమనియు అందురు. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడగా కోదాడ అందు చేరెను. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచెను. ఊళ్లు కదలలేదు, చిరునామాలు మారినవి.

లిపి యొక్కటే కారణము కాదు. మన ఇంటిపేరు ముందు వచ్చును. ఇంగ్లీషు దరఖాస్తు దానిని చివర అడుగును. వివాహముతో స్త్రీ ఇంటిపేరు మారుట కలదు. పెద్దయిన పిదప క్రొత్త పేరుతో ప్రసిద్ధులైన వారును కలరు. 1888లో హైదరాబాదు సంస్థానమున జన్మించిన మాదరి భాగయ్య, దళితుల అభ్యున్నతికి పాటుపడి, భాగ్యరెడ్డి వర్మగా చరిత్రకెక్కెను. రెండు పేర్లను ప్రక్కప్రక్కన చూచినవారు ఇద్దరు మనుష్యులని భ్రమపడుదురు.

కావున అక్షరభేదము కనబడినంతనే మోసమని తలపరాదు. పుట్టినతేది, తల్లిదండ్రులు, ఊరు, చదువు అన్నియు కలిపి చూచిన నిజము తేలును. అభ్యర్థియు తన పత్రములను ముందే సరిచూచుకొని, సవరింపదగినవి సవరించుకొని, తక్కినవానికి ప్రమాణపత్రము సిద్ధపరచుకొనుట మేలు. ఏనాడో ఒక గుమాస్తా కలము జారినందుకు నేడు పేదవాని బిడ్డకు బ్రతుకుతెరువు జారిపోరాదు.