వినడానికి లైసెన్సు

అమెరికాలో మానసిక ఆరోగ్య కౌన్సెలర్‌గా పనిచేయాలంటే ఇవాళ ఏమేం కావాలో ముందు చూద్దాం. మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, చాలా రాష్ట్రాల్లో అది 60 క్రెడిట్ల చదువు. గుర్తింపు ఉన్న కోర్సుల్లో 100 గంటల ప్రాక్టికమ్, 600 గంటల ఇంటర్న్‌షిప్ చదువులోనే భాగం. డిగ్రీ చేతికొచ్చాక ఒక సీనియర్ పర్యవేక్షణలో ఇంకా కొన్ని వేల గంటలు పనిచేయాలి. న్యూయార్క్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ అది 3000 గంటలు. ఆపైన జాతీయ స్థాయి పరీక్ష రాయాలి, ఫీజులు కట్టాలి. లైసెన్సు వచ్చాక కూడా దాన్ని నిలబెట్టుకోవడానికి చదువుతూనే ఉండాలి. ఆ లైసెన్సు పేరు కూడా అంతటా ఒకటి కాదు. ఒక రాష్ట్రంలో ఎల్‌పీసీ, మరో రాష్ట్రంలో ఎల్‌ఎంహెచ్‌సీ, ఇంకోచోట ఎల్‌పీసీసీ.

ఈ నిబంధనలన్నీ ఎంతో సహజమైనవిగా, ఎప్పటినుంచో ఉన్నవిగా కనిపిస్తాయి. కానీ వీటి వయసు యాభై ఏళ్లే. ఎదుటి మనిషి బాధని ఓపిగ్గా వినడమనే పనిని అంతకుముందు చేసినవాళ్లెవరు? వాళ్లకి ఏ చదువుండేది? ఆ పనికి తలుపూ, తాళం ఎవరు పెట్టారు? ఈ ప్రశ్నలు వేసుకుంటే ఒక వృత్తి చరిత్రతో పాటు స్త్రీల చరిత్ర కూడా బయటకొస్తుంది.

'కౌన్సెలింగ్' అన్న మాట ఈ రంగంలోకి దొడ్డిదారిన వచ్చిందనే చెప్పాలి. వైద్యపట్టా లేనివాళ్లు సైకోథెరపీ చేస్తామంటే ఒకప్పుడు అమెరికన్ సైకియాట్రిస్టులు ఒప్పుకునేవారు కాదు. మనస్తత్వశాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1942లో రాసిన పుస్తకం పేరులోనే కౌన్సెలింగ్, సైకోథెరపీ అనే రెండు మాటలనీ పక్కపక్కన పెట్టాడు. డాక్టర్లకి అభ్యంతరం లేని మాట కింద అదే పని సాగింది. ఆ తర్వాత సైకాలజిస్టులు తమ లైసెన్సులు తాము సంపాదించుకున్నారు. 1945లో కనెక్టికట్ మొదలుపెట్టింది. నిన్నటిదాకా తలుపు బయట నిలబడినవాళ్లు లోపలికి వెళ్లగానే అదే తలుపు వేసుకోవడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

1957లో రష్యా స్పుత్నిక్‌ని ప్రయోగించింది. ఆ కంగారులో అమెరికా 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, తెలివైన పిల్లల్ని సైన్సు వైపు మళ్లించడానికి స్కూలు కౌన్సెలర్ల శిక్షణకి డబ్బు గుమ్మరించింది. 1963లో వచ్చిన సామాజిక మానసిక ఆరోగ్య చట్టం పెద్ద ఆసుపత్రుల నుంచి రోగుల్ని ఊళ్లలోని చిన్న కేంద్రాలకి మళ్లించాలనుకుంది. కేంద్రాలు సరే, వాటిల్లో కూర్చుని వినే మనుషులెక్కడ?

దీనికి ఒక స్త్రీ దగ్గర అప్పటికే ఒక జవాబుంది. ఆమె మార్గరెట్ రియోక్. ఆమె పీహెచ్‌డీ జర్మన్ సాహిత్యంలో, మనస్తత్వశాస్త్రంలోకి తర్వాత వచ్చింది. 1960లో బెథెస్డాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఆమె ఒక ప్రయోగం మొదలుపెట్టింది. నడివయసుకొచ్చిన ఎనిమిది మంది గృహిణులని ఎంచుకుంది. చదువుకున్నవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లయి ఇంట్లో పని తగ్గినవాళ్లు. వాళ్లకి రెండేళ్లపాటు, రోజంతా కాకుండా కొద్ది గంటల చొప్పున శిక్షణ ఇచ్చింది. ఉపన్యాసాలు తక్కువ, పని ఎక్కువ. మనుషులతో మాట్లాడడం, ఆ సంభాషణల టేపులు విని చర్చించడం, మళ్లీ మాట్లాడడం. ఆ టేపుల్ని బయటి నిపుణులకి, మాట్లాడిందెవరో చెప్పకుండా వినిపించి అంచనా వేయించారు. ఆ స్త్రీలు బాగా చేస్తున్నారనే తేలింది. 1963లో ఈ ఫలితాలు అచ్చయినప్పుడు ఆ వ్యాసం పేరులో వాళ్లని పిలిచిన పిలుపు 'మెంటల్ హెల్త్ కౌన్సెలర్లు'. బెట్టీ ఫ్రీడన్ 'ఫెమినిన్ మిస్టిక్' వచ్చింది కూడా ఆ సంవత్సరమే.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. రియోక్ ఆలోచనలో రెండు పార్శ్వాలున్నాయి. పిల్లల్ని పెంచి, ఇల్లు నడిపి, నలుగురి మధ్యా సర్ది చెప్పి స్త్రీలు సంపాదించుకున్న జ్ఞానాన్ని ఆమె జ్ఞానంగా గుర్తించింది. అంతకుముందు దానికి 'స్వభావం' అనే పేరే ఉండేది. రెండో పార్శ్వం మనల్ని ఇబ్బంది పెట్టేది. తక్కువ ఖర్చుతో పని జరగాలన్నప్పుడే ఈ జ్ఞానం గుర్తుకొచ్చింది. పైగా ఆ అవకాశం చదువుకున్న మధ్యతరగతి స్త్రీలకే దక్కింది. ఏమైనా, వినడం నేర్పవచ్చనీ, దానికి ఏళ్ల తరబడి యూనివర్సిటీ చదువు తప్పనిసరి కాదనీ ఆ ఎనిమిది మందీ చూపించారు. కానీ వాళ్లు వేసిన బాట రాజమార్గం కాలేదు.

రాజమార్గం వర్జీనియా కోర్టులో పడింది. వెల్డన్ అనే కౌన్సెలర్ సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుంటే, లైసెన్సు లేకుండా సైకాలజీ చేస్తున్నాడని సైకాలజిస్టుల బోర్డు 1972లో కోర్టుకెక్కింది. కౌన్సెలింగ్ వేరే వృత్తేననీ, అయితే దానికీ ఒక నియంత్రణ ఉండాలనీ కోర్టు అంది. దాంతో 1976లో వర్జీనియా ప్రొఫెషనల్ కౌన్సెలర్లకి లైసెన్సిచ్చే చట్టాన్ని దేశంలో మొదటిసారి చేసింది. 1979లో అలబామా, ఆర్కన్సా ఆ దారి పట్టాయి. 1981లో కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ, 1982లో పరీక్షలు పెట్టే జాతీయ బోర్డు ఏర్పడ్డాయి. చివరి రాష్ట్రంగా కాలిఫోర్నియా చట్టం చేసేసరికి 2009 వచ్చింది. రిటైరయినవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఈ కౌన్సెలర్లకి డబ్బు చెల్లించడం 2024 జనవరిలో గానీ మొదలు కాలేదు.

లైసెన్సుల కోసం ఈ పోరాటం నడుస్తున్న కాలంలోనే స్త్రీలు మరోవైపు ఇంకో పని చేస్తున్నారు. ఇళ్లల్లో గుండ్రంగా కూర్చుని తమ జీవితాల గురించి తామే మాట్లాడుకుంటున్నారు. నిపుణుల మీద వాళ్లకి నమ్మకం లేదు. అందుకు కారణాలున్నాయి. 1970లో ఇంజ్ బ్రోవర్‌మన్, ఆమె సహచరులు 79 మంది క్లినీషియన్లని ఆరోగ్యవంతుడైన పురుషుడు, ఆరోగ్యవంతురాలైన స్త్రీ, ఆరోగ్యంగా ఉన్న 'మనిషి' ఎలా ఉంటారో వర్ణించమన్నారు. మనిషి వర్ణనా, పురుషుడి వర్ణనా దాదాపు ఒకటే అయ్యాయి. స్త్రీ మాత్రం వేరుగా మిగిలింది. అదే సంవత్సరం ఫిలిస్ చెస్లర్ సైకాలజిస్టుల మహాసభలో నిలబడి, ఈ వృత్తి వల్ల నష్టపోయిన స్త్రీలకి పది లక్షల డాలర్ల పరిహారం ఇమ్మని అడిగింది. 1972లో 'విమెన్ అండ్ మ్యాడ్‌నెస్' రాసింది.

అప్పుడే పుట్టిన రేప్ క్రైసిస్ కేంద్రాల్లో వినేవాళ్లు వాలంటీర్లు. చాలామందికి డిగ్రీలు లేవు. కొందరు తామే ఆ హింసని అనుభవించినవాళ్లు. నిపుణులు లేకపోవడమే ఆ కేంద్రాల బలం. కానీ కోర్టు గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆ బలమే బలహీనత అయింది. పిట్స్‌బర్గ్‌లో ఒక అత్యాచారం కేసులో, బాధితురాలు కేంద్రంలో చెప్పుకున్న విషయాల ఫైలు ఇమ్మని నిందితుడి తరఫువాళ్లు అడిగారు. డైరెక్టర్ ఆన్ ప్రైడ్ ఇవ్వనంది. కోర్టు ధిక్కారం కింద ఆమెనే దోషిని చేశారు. 1981లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ కేంద్రాలకి సంపూర్ణమైన గోప్యతా హక్కు లేదంది. ఆ ఏడాదే అక్కడి శాసనసభ చట్టం చేసి ఆ హక్కునిచ్చింది. ఎవరికి? 40 గంటల శిక్షణ పొందిన కౌన్సెలర్లకి. కాలిఫోర్నియా అంతకు ఏడాది ముందే అటువంటి చట్టం చేసింది. 3000 గంటల పక్కన ఈ 40 గంటలని పెట్టి చూడండి. స్త్రీల రహస్యాన్ని కాపాడడానికి చట్టానికి నిజంగా అవసరమైన కొలత అది.

1996లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి ప్రశ్నే వచ్చింది. మేరీ లూ రెడ్‌మండ్ అనే పోలీసు అధికారిణి, విధి నిర్వహణలో ఒకతన్ని కాల్చి చంపాక, లైసెన్సున్న ఒక సోషల్ వర్కర్ దగ్గర కౌన్సెలింగ్ తీసుకుంది. ఆ సంభాషణల నోట్సు బయటపెట్టనక్కర్లేదని కోర్టు తీర్పిచ్చింది. తీర్పుతో విభేదించిన జస్టిస్ స్కాలియా ఒక మాటన్నాడు. మామూలు మనిషికి థెరపిస్టు కంటే తల్లి సలహాయే ఎక్కువ మేలు చేయదా, మరి తల్లితో చెప్పుకున్నదానికి ఈ రక్షణ ఎక్కడుంది అని. రక్షణని తగ్గించడానికి అన్న మాట అది. మనం మాత్రం దాన్ని తిరగేసి చదువుకోవచ్చు. తల్లి వినడానికి విలువుందని న్యాయమూర్తికీ తెలుసు. చట్టం దృష్టిలో అది పని కాదు, అంతే.

అంటే లైసెన్సు వద్దనా? అంత తేలిగ్గా తేల్చలేం. 1975లో న్యూయార్క్‌లో జూలీ రాయ్ తన సైకియాట్రిస్టు రెనాటస్ హార్టోగ్స్ మీద దావా గెలిచింది. చికిత్స పేరుతో అతను ఆమెని లైంగికంగా వాడుకున్నాడు. అతనికి పట్టా ఉంది, పేరూ ఉంది. పట్టా ఆ నేరాన్ని ఆపలేదు. అయినా అలాంటివాడి మీద ఫిర్యాదు చేయడానికి ఒక బోర్డు ఉండడం, వాడు మళ్లీ అదే కుర్చీలో కూర్చోకుండా ఆపగలగడం చిన్న విషయం కాదు. థెరపిస్టు లైంగిక దోపిడీని నేరంగా ప్రకటించిన మొదటి రాష్ట్రం విస్కాన్సిన్, అది 1984లో. బోర్డే లేని చోట, ఎవరికివారే కౌన్సెలరని బోర్డు తగిలించుకునే చోట, మోసపోయిన స్త్రీ ఎక్కడికి వెళ్లాలి?

లైసెన్సుతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. బీమా కంపెనీ డబ్బివ్వాలంటే వచ్చినామె బాధకి రోగనిర్ధారణ పుస్తకంలోంచి ఒక పేరు పెట్టాలి. 1985లో ఆ పుస్తకంలో 'మసోకిస్టిక్' వ్యక్తిత్వ రుగ్మతని చేర్చాలనుకున్నారు. దెబ్బలు తింటూ కాపురం చేసే స్త్రీకి అతికించడానికి వీలైన పేరది. లెనోర్ వాకర్ లాంటి స్త్రీవాద మనస్తత్వవేత్తలు గట్టిగా ఎదిరించారు. 1987లో పేరు మార్చి అనుబంధంలో పెట్టారు, 1994లో పూర్తిగా తీసేశారు. ఆ పోరాటం చేసినవాళ్లు పట్టాలున్న స్త్రీలే. లోపలికి వెళ్లడం వల్ల ఇలాంటి ప్రయోజనం కూడా ఉంది.

కానీ లోపలికి ఎవరు వెళ్లగలరు? ఈ వృత్తిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. ఇంటర్న్‌షిప్ గంటల్లో చాలాభాగం జీతం లేనివే. జీతం లేకుండా వందల గంటలు పనిచేయగలిగేది మరొకరి సంపాదన మీద ఇల్లు గడిచే మనిషే. ఒంటరి తల్లి ఆ గంటలు ఎక్కణ్ణించి తేగలదు? అమెరికా వెళ్లిన మన తెలుగు స్త్రీల సంగతి చూడండి. హెచ్-4 వీసా మీద చదువుకోవచ్చు గానీ 2015 దాకా ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే అనుమతి. అంటే డిగ్రీ ఆమెది, డిగ్రీ తర్వాతి 3000 గంటలు మాత్రం భర్త కాగితాల చేతిలో. అదే దేశంలో ఇంకో తెలుగు స్త్రీ తన కష్టం తన భాషలో చెప్పుకోవడానికి మనిషి కోసం వెతుక్కుంటూ ఉంటుంది. న్యూజెర్సీలో 1985లో దక్షిణాసియా స్త్రీల కోసం 'మానవి' పుట్టింది ఇలాంటి ఖాళీలోనే. పుట్టించినవాళ్లు లైసెన్సు కోసం ఆగలేదు.

ఇక మన దగ్గర. తెలుగులో కౌన్సెలింగ్ అన్న మాటకి ఎన్ని అర్థాలో. ఇంజనీరింగ్ సీట్ల పంపకమూ కౌన్సెలింగే, రౌడీషీటర్లని స్టేషన్‌కి పిలిచి మందలించడమూ కౌన్సెలింగే, దెబ్బలు తిని వచ్చిన ఆడమనిషికి 'సర్దుకుపోమ్మా' అని చెప్పి పంపడమూ కౌన్సెలింగే. 1992 నాటి పునరావాస మండలి చట్టం కింద క్లినికల్ సైకాలజిస్టులకి రిజిస్ట్రేషన్ ఉంది. 2005 గృహహింస చట్టం మేజిస్ట్రేటుకి కౌన్సెలింగ్‌కి పంపే అధికారమిచ్చింది. 2006 నాటి దాని నియమాలు వీలైనంతవరకు కౌన్సెలర్లు స్త్రీలే అయివుండాలన్నాయి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన జాబితాలో కౌన్సెలర్లని కూడా చేర్చింది. అమెరికా 1976లో ఎక్కిన మెట్టు ముందు ఇప్పుడు మనం నిలబడ్డాం.

ఆ మెట్టు ఎక్కేటప్పుడు ఈ చరిత్రని వెంటబెట్టుకోవడం మంచిది. అర్హతల జాబితా ఎవరు తయారుచేసినా, అందులోని ప్రతి నిబంధనని ఒకే ప్రశ్న అడగాలి: ఇది ఎవరిని కాపాడుతోంది? రహస్యం బయటపడదన్న హామీ, తప్పు చేస్తే ఫిర్యాదుకో చోటు, కొత్తగా వచ్చినామె పనిని అనుభవజ్ఞురాలు గమనించడం, ఇవి మాట్లాడే స్త్రీని కాపాడతాయి. వీటిని వదులుకోకూడదు. జీతం లేని వేల గంటలు, ఇంగ్లీషులోనే ఉండే పరీక్ష, నగరంలోనే దొరికే డిగ్రీ కాపాడేది ముందే లోపలికి చేరినవాళ్లని. ఊళ్లో అంగన్‌వాడీలో, ఆశా పనిలో, మహిళాసంఘంలో ఏళ్లుగా వింటున్న స్త్రీలున్నారు. వాళ్లకి 40 గంటల శిక్షణా, చట్టం ఇచ్చే గోప్యతా, నెలనెలా జీతమూ ఇచ్చే మెట్టొకటి ఆ జాబితాలో ఉండాలి. అది లేకుండా జాబితా ఖరారైతే, వినే పని వాళ్లదీ, పేరూ డబ్బూ వేరొకరివీ అవుతాయి. ఇంటి చాకిరీ విషయంలో మనకి ఇది కొత్తేమీ కాదు.